గూడబాతు పెద్దదైంది, వెలుగు పలచబడింది: టెలికన్వర్టర్ మీద చర్చ

(శ్రీకాకుళం స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం పాఠం)

వ్యాఖ్యాత: నమస్కారం. తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టే కాలం వచ్చిందంటే కెమెరాలన్నీ టెక్కలి దారి పడతాయి. చూస్తే చెట్టు దూరం, చేతిలో లెన్సు 300 మిల్లీమీటర్లే. అప్పుడు గుర్తొచ్చేది టెలికన్వర్టర్, అంటే లెన్సుకీ కెమెరాకీ మధ్య తగిలించి బొమ్మని పెద్దది చేసే గ్లాసుల గొట్టం. దాంతో వెలుగు పోతుంది, బొమ్మ పాడవుతుందంటారు. ఫొటోగ్రఫీ పాఠాలు చెప్పే మేడమ్‌గారు, పక్షుల ఫొటోగ్రాఫర్, కెమెరా మెకానిక్ మనతో ఉన్నారు. మేడమ్, ముందు లెక్క చెప్పండి.

బోధకురాలు: 300 ఎఫ్/4 లెన్సు తీసుకుందాం. 300 దాని ఫోకల్ లెంత్, 4 దాని ఎఫ్ అంకె. 300ని 4తో భాగిస్తే 75. లెన్సులోకి వెలుగు వచ్చే కిటికీ వెడల్పు అది, మిల్లీమీటర్లలో. వెనక 1.4ఎక్స్ కన్వర్టర్ తగిలిస్తే ఫోకల్ లెంత్ 420 అవుతుంది, కిటికీ మాత్రం అదే 75. 420ని 75తో భాగించండి, 5.6 వస్తుంది. ఒక స్టాప్ పోయినట్టు, స్టాప్ అంటే వెలుగు సగమయ్యే మెట్టు. 2ఎక్స్ పెడితే 600 ఎఫ్/8, రెండు స్టాపులు. సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద ఒక్కో చదరపు మిల్లీమీటరుకు పడే వెలుగు మొదటిదానితో సగం, రెండోదానితో పావు. 1/1000 సెకను షట్టర్‌తో ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) 400 సరిపోయిన చోట 1.4కి 800, 2ఎక్స్‌కి 1600 పెట్టాలి.

ఫొటోగ్రాఫర్: ఆ "పోయినట్టు" దగ్గరే నాకు పేచీ మేడమ్. గుప్పెడు విత్తనాలు ఒక మడిలో చల్లితే ఒత్తుగా మొలుస్తాయి, అవే రెండు మళ్లలో చల్లితే పలచగా వస్తాయి. గింజలు తగ్గలేదు కదా! 1.4తో గూడబాతు సెన్సర్ మీద రెట్టింపు జాగా తీసుకుంది, దాని నుంచి వచ్చిన వెలుగు అంత జాగాలోకీ పరుచుకుంది. కన్వర్టర్ లేకుండా అదే షట్టర్‌తో తీసి, క్రాప్ చేసి, అంటే చుట్టూ కత్తిరించి, అదే సైజుకి పెంచండి. పక్షి ఒంటి మీద నాయిస్ (ఇసక చల్లినట్టుండే మచ్చలు) దాదాపు అంతే కనిపిస్తుంది.

బోధకురాలు: ఒప్పుకుంటాను. మరి చేతి వణుకు?

ఫొటోగ్రాఫర్: క్రాప్ చేసి పెంచినా వణుకు అంతే పెరుగుతుంది. అది కన్వర్టర్ నేరం కాదు.

వ్యాఖ్యాత: అయితే క్రాప్ చేసుకుంటే పోలా? కొనడం దేనికి?

ఫొటోగ్రాఫర్: పిక్సెళ్ల కోసం. 24 మెగాపిక్సెళ్ల ఫొటోని 1.4కి సమానంగా క్రాప్ చేస్తే సుమారు 12 మిగులుతాయి, 2ఎక్స్‌కి సమానంగా అయితే 6. కన్వర్టర్ పెడితే 24కి 24 పక్షి చుట్టూ ఉంటాయి. కానీ వాటిని నింపే వివరం లెన్సు దగ్గర ఉండాలి. కన్వర్టర్ కొత్త వివరాన్ని పుట్టించదు. లెన్సు గీసిన బొమ్మలో నడిమి భాగాన్ని పెద్దది చేస్తుంది, లోపాలతో సహా. ఆకాశానికి ఎదురుగా ఉన్న కొమ్మ అంచున ఊదారంగు గీత ఉంటే అదీ అంత వెడల్పవుతుంది. అందుకే పదునైన 300 ఎఫ్/4 లాంటి ప్రైమ్‌కి (జూమ్ లేని లెన్సుకి) 1.4 బాగా కుదురుతుంది. మామూలు 70-300 జూమ్‌కి 2ఎక్స్ కొనడం డబ్బు దండగ. 1.4తో ఎఫ్/5.6లో మెత్తగా వస్తే కిటికీని ఎఫ్/8కి చిన్నది చేయండి, పదును తేరుకుంటుంది. 2ఎక్స్‌తో ఆ వెసులుబాటు లేదు. ఎఫ్/8 దగ్గరే మొదలవుతారు, ఎఫ్/11 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న కిటికీలోంచి వచ్చే వెలుగు చెదరడం) పదునుని తినడం మొదలెడుతుంది.

వ్యాఖ్యాత: ఫోకస్ సంగతి మెకానిక్ గారు చెప్పాలి.

మెకానిక్: కన్వర్టర్ పెట్టగానే ఫోకస్ పట్టట్లేదని కంగారు పడతారండి. ఏటంటే, డీఎస్‌ఎల్‌ఆర్‌లలో (లోపల అద్దం ఉండే కెమెరాల్లో) చాలావాటికి ఫోకస్ పాయింట్లు ఎఫ్/5.6 వరకే పనిచేస్తాయి. కొన్నిట్లో నడిమి పాయింటు ఎఫ్/8 దాకా లాగుతాది. 400 ఎఫ్/5.6కి 1.4 పెడితే ఎఫ్/8 అయిపోనాది కదా, ఇంక లెన్సు ముందుకీ వెనక్కీ వెతుక్కుంటాది. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా అసలు సెన్సర్ మీదే ఫోకస్ చూస్తాది, ఈ గోల తక్కువ. సందె వెలుగులో అదీ నెమ్మదిస్తాదనుకోండి.

ఇంకోటి. చాలా కన్వర్టర్లకి ముందు గ్లాసు బయటికి పొడుచుకొచ్చి ఉంటాది. లెన్సు వెనక గ్లాసు దగ్గరగా ఉంటే రెండూ గుద్దుకుంటాయి. తిరగకపోతే బలం పెట్టకండి, కంపెనీ ఇచ్చిన జత లిస్టు చూడండి. కానన్ ఆర్‌ఎఫ్ 100-500కి అయితే జూమ్ 300 దాటించాకే ఎక్స్‌టెండర్ (కన్వర్టర్‌కి కానన్ పెట్టిన పేరు) ఎక్కుతాది, అది ఉన్నంతసేపూ 300 కంటే వెనక్కి రాదు. కెమెరా ఆఫ్ చేసి, మూతి కిందికి పెట్టి మార్చండి, దుమ్ము పడదు. ఎఫ్ అంకె చోట సున్నాలొస్తే కాంటాక్టులు మెత్తని పొడిగుడ్డతో తుడవండి. చిప్ లేని చవక రకమైతే 5.6 ఉన్నా ఎఫ్/4 అనే చూపిస్తాది. మీటరు లెన్సులోంచే చూస్తాది కాబట్టి ఎక్స్‌పోజర్ చెడదు. కెమెరా బాడీలో వణుకు సర్దే స్టెబిలైజేషన్ మాత్రం 420ని 300 అనుకుని తక్కువ సర్దుతాది.

వ్యాఖ్యాత: కొన్నాక బాగుందో లేదో ఇంట్లో తేల్చుకోవడం ఎలా?

బోధకురాలు: చిన్న అక్షరాలున్న దుకాణం బోర్డు ఒకటి చూసుకోండి, 20 మీటర్ల దూరం చాలు. ట్రైపాడ్ మీద, స్టెబిలైజేషన్ ఆపి, 2 సెకన్ల టైమర్‌తో, లెన్సు పూర్తిగా తెరిచి తీయండి. ముందు ఒట్టి లెన్సుతో, తర్వాత అదే షట్టర్‌తో, ఐఎస్‌ఓ రెట్టింపు చేసి 1.4తో. ప్రతిసారీ ఫోకస్ కొత్తగా పట్టి మూడేసి తీసి, మంచిది ఉంచుకోండి. మొదటి ఫొటోని 140 శాతానికి పెంచి పక్కపక్కన పెట్టండి. కన్వర్టర్ ఫొటోలో అదనంగా ఒక్క అక్షరమైనా చదవలేకపోతే తిరిగిచ్చేయండి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లైవ్ వ్యూలో (వెనక తెర చూస్తూ) తీస్తే పదునుగా, వ్యూఫైండర్‌తో తీస్తే మెత్తగా వస్తే గ్లాసు తప్పు కాదు. ఆ జతకి విడిగా ఫోకస్ సర్దుబాటు చెయ్యాలి.

ఫొటోగ్రాఫర్: ఈ పరీక్ష పొద్దున్నే చెయ్యండి. ఎండెక్కాక నేల మీంచి లేచే వేడిగాలికి అక్షరాలే ఈదుతుంటాయి. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో దూరపు చెట్టు మీద ఓపెన్‌బిల్ కొంగలూ మధ్యాహ్నం అలాగే కరిగిపోయినట్టొస్తాయి. కన్వర్టర్ ఆ గాలినీ పెంచి చూపిస్తుంది.

వ్యాఖ్యాత: ఒక ప్రేక్షకుడి ప్రశ్న: 1.4, 2ఎక్స్ ఒకదాని వెనక ఒకటి పెట్టొచ్చా?

మెకానిక్: కొన్ని జతలు అసలు ఎక్కవు. ఎక్కితే 300 కాస్తా 840 ఎఫ్/11 అయిపోద్ది, మూడు స్టాపులు. గూడబాతుకి దండగ. పున్నమి చంద్రుడికైతే పెట్టండి, ఆడికి వెలుగు ఎక్కువే: ఎఫ్/11, 1/125, ఐఎస్‌ఓ 100. ఫోకస్ చేత్తో తిప్పుకోవాల.