కళ్ళు బాగానే ఉన్నాయి, మరి గ్లాసు ఎందుకు కనపడట్లేదు?

[టేబుల్ మీద ఒక జగ్గు, ఒక గాజు గ్లాసు.]

"కళ్ళు బాగానే ఉన్నాయండీ, ఏ సమస్యా లేదు."

స్ట్రోక్ వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో, తలకి గట్టి దెబ్బ తగిలినవాళ్ళ ఇళ్ళల్లో కంటి డాక్టర్ చెప్పే ఈ ఒక్క మాట ఎన్ని గొడవలకి కారణమవుతుందో చెప్పలేను. కంటి పరీక్షలో పేషెంటు అక్షరాలు చివరి వరసదాకా గడగడా చదివేశాడు. ఇంటికొచ్చాక చూస్తే ద్వారబంధానికి భుజం కొట్టుకుంటాడు, కంచంలో ఎడమ సగం ముట్టుకోడు, పక్కనే ఉన్న గ్లాసు కోసం ఇల్లంతా వెతుకుతాడు. ఇంకేముంది, "కావాలనే చేస్తున్నాడు", "పరధ్యానం", "మొండితనం" అని మొదలు.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. మనందరి బుర్రలో ఒక కెమెరా బొమ్మ పాతుకుపోయింది. కన్ను ఫోటో తీసి లోపలికి పంపుతుందట, మెదడు తీరిగ్గా కూర్చుని ఆ ఫోటో చూస్తుందట. మరి ఆ చూడటానికి మెదడు లోపల ఇంకో జత కళ్ళున్నాయా? వాటి వెనక ఇంకెవరు కూర్చున్నారు?

లెన్సు, రెటీనా, తలకిందుల బొమ్మ ఇవన్నీ మీరు స్కూల్లోనే చదివేశారు, నేను మళ్ళీ చెప్పను. ఈ వీడియోలో మనకి ఒక్కటే పని. ఈ జగ్గులోంచి ఈ గ్లాసులోకి నీళ్ళు పోయడం. ఆ పని ఎక్కడెక్కడ చెడిపోగలదో చూద్దాం.

[చేయి ముందుకు చాచి బొటనవేలు చూపిస్తూ.]

ముందు మెదడుకి ఏ దెబ్బా తగలని మన సంగతి. చేయి పూర్తిగా చాచి బొటనవేలి గోరు చూడండి. మీకు నిజంగా స్పష్టంగా కనిపించేది దాదాపు ఆ గోరంత మేరే, సుమారు 2 డిగ్రీలు. మిగతాదంతా మసక. గదంతా స్పష్టంగా ఉన్నట్టు అనిపిస్తోంది కదా? అది మెదడు చేసే మాయ. కళ్ళు సెకనుకి మూడు సార్ల చొప్పున అటూ ఇటూ గెంతుతూ ముక్కలు ఏరుకొస్తాయి, మెదడు వాటిని అతికిస్తుంది.

నమ్మకపోతే వీడియో ఆపి అద్దం ముందుకెళ్ళండి. మీ ఎడమ కంటిని చూడండి, తర్వాత కుడి కంటిని, మళ్ళీ ఎడమ కంటిని. మీ కళ్ళు కదలడం మీకు ఒక్కసారి కూడా కనపడదు. పక్కన నిలబడ్డవాళ్ళకి మాత్రం శుభ్రంగా కనపడుతుంది. కన్ను గెంతే ఆ కాస్సేపు వచ్చే మసకని మెదడు కొట్టిపారేస్తుంది. ఇదే పని ఫోన్ సెల్ఫీ కెమెరాలో చేస్తే కదలిక దొరుకుతుంది, ఎందుకంటే ఫోన్ బొమ్మని కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. చిన్నపిల్లాడిలా నేను దీన్ని ఎన్నిసార్లు చేశానో అడక్కండి.

ఇక గ్లాసు. దీన్ని మీ ఎడమవైపు పెడదాం. చాలామంది పొరపడేది ఏంటంటే, ఎడమ కన్ను చూసేది కుడి మెదడుకి వెళ్తుందనుకుంటారు. కాదు. రెండు కళ్ళూ చూసే ఎడమ సగం కుడి మెదడుకి వెళ్తుంది. ఒక్కో కంటి నుంచి సుమారు 10 లక్షల నరాల పోగులు బయల్దేరి, దారిలో సగం అటూ ఇటూ మారి, తల వెనక భాగానికి చేరతాయి. అవును, చూపుకి సంబంధించిన మొదటి పెద్ద కేంద్రం మెడకి పైన, తల వెనక ఉంది.

ఈ కేంద్రంలో ఏ చోటు చూపులో ఏ ముక్కని చూసుకుంటుందో, ఆ మ్యాపు ఎలా దొరికిందో తెలుసా? తుపాకీ గుళ్ళ వల్ల. 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలో గాయపడ్డ సైనికులకి చూపు ఎంత పోయిందో లెక్కగట్టి పింఛను తేల్చాల్సిన పని తత్సుజి ఇనోయే అనే జపాన్ కంటి డాక్టర్ మీద పడింది. గుండు తలలో ఎక్కడ దూరింది, ఎక్కడ బయటికొచ్చింది, ఆ మనిషికి చూపులో ఏ ముక్క పోయింది, ఈ మూడూ కలిపి చూసుకుంటూ వెళ్ళి 1909లో మ్యాపు అచ్చేశాడు. పింఛను కాగితాల్లోంచి పుట్టిన సైన్సు! ఇందాక చూసిన ఆ గోరంత చూపుకే ఈ మ్యాపులో పెద్ద వాటా ఉందని కూడా అప్పుడే తెలిసింది.

సరే, తల వెనక కుడివైపు స్ట్రోక్ వచ్చిందనుకోండి. ఎడమ సగం పోతుంది, రెండు కళ్ళకీ. దీన్ని హెమియానోపియా అంటారు. పేషెంటు వచ్చి "ఎడమ కన్ను పోయిందండీ" అంటాడు. ఆ కన్ను మూసి కుడి కంటితో చూడమనండి, ఎడమవైపున్న గ్లాసు అప్పుడూ ఉండదు. ఇంకో ముఖ్యమైన సంగతి, అక్కడ నల్లగా ఏమీ ఉండదు. మీ తల వెనక ఇప్పుడు ఏం కనపడుతోంది? నలుపా? ఏమీ లేదు కదా, అలాగే ఇదీ. నల్లటి మచ్చ ఉంటే మనిషి కంగారుపడి చెబుతాడు, ఇక్కడ అదీ లేదు. అక్షరాల బోర్డు చూపు మధ్యలో ఎంత పదునుందో చూస్తుంది. తల, కళ్ళు తిప్పుకుంటూ మొత్తం చదివేస్తాడు. అందుకే "కళ్ళు బాగానే ఉన్నాయి".

[గ్లాసు ఎడమవైపే ఉంచి.]

అయితే ఈ మనిషికి చెబితే అర్థమవుతుంది, తల ఎడమకి తిప్పుతాడు, గ్లాసు దొరుకుతుంది. ఇప్పుడు దెబ్బ కుడివైపే, కాస్త పైన, పెరైటల్ లోబ్ అనే మెదడు భాగంలో తగిలిందనుకుందాం. ఎడమ చూపు ఉండొచ్చు, కానీ ఎడమవైపు అనేదొకటి ఉందన్న స్పృహే పోతుంది. దీని పేరు నెగ్లెక్ట్. తల తిప్పడు. ఎందుకు తిప్పాలి? అతని లెక్కలో లోకం అంతవరకే. ఒక గీత గీసి సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టమంటే, బాగా కుడికి జరిపి పెడతాడు.

ఇది కంటి జబ్బు కాదని తేల్చిన ప్రయోగమంటే నాకు ప్రాణం. 1978లో ఇటలీలో బిజియాక్, లుజాతి అనే ఇద్దరు ఇలాంటి పేషెంట్లని మిలాన్ నగరంలోని పెద్ద చర్చి ముందున్న చౌకు ఊహించుకోమన్నారు. పేషెంట్లకి అది బాగా తెలిసిన చోటు. చర్చికి ఎదురుగా చౌకు ఆ చివర నిలబడి చర్చి వైపు చూస్తున్నట్టు ఊహించమంటే కుడివైపు భవనాలే చెప్పారు. సరే, ఇప్పుడు చర్చి మెట్ల మీద నిలబడి ఇటు చూస్తున్నట్టు ఊహించండి అన్నారు. ఇందాక వదిలేసిన భవనాలన్నీ గడగడా చెప్పి, ఇందాక చెప్పినవి వదిలేశారు! జ్ఞాపకం చెక్కుచెదరలేదు. కళ్ళు మూసుకున్నా ఎడమ పోయింది. కెమెరా కథ నమ్మేవాళ్ళు దీనికి ఏం సమాధానం చెబుతారు?

గ్లాసు ఎదురుగా పెడదాం. తల వెనక కేంద్రం నుంచి మెదడులో చూపు వెళ్ళే దారి రెండుగా చీలుతుంది. కింది దారి ఇది ఏంటో చెబుతుంది, పై దారి చేతిని నడిపిస్తుంది. 1988లో కార్బన్ మోనాక్సైడ్ పీల్చిన ఒకావిడకి కింది దారి దెబ్బతింది. పరిశోధనల్లో ఆవిడ పేరు డీఎఫ్. పెన్సిల్ చూపిస్తే రంగు చెప్పేది, నిలువుగా ఉందో అడ్డంగా ఉందో మాత్రం చెప్పలేకపోయేది. తీసుకోమంటే చేయి సరైన కోణంలో తిరిగి టక్కున పట్టుకునేది. పై దారి దెబ్బతింటే సరిగ్గా తిరగేసి ఉంటుంది: "అది గ్లాసే" అని చెప్పి, చేయి చాచి పక్కన గాలిని పట్టుకుంటాడు.

సరే, గ్లాసు దొరికింది, చేతికొచ్చింది, నీళ్ళు పోద్దాం.

[నీళ్ళు పోస్తూ. దృశ్యం మధ్యలో ఆగిపోతుంది. మళ్ళీ మొదలయ్యేసరికి నీళ్ళు టేబుల్ మీద.]

మీకిప్పుడు కనపడింది ఎడిటింగ్. ఎల్ఎం అనే ఆవిడకి బతుకే ఇలా అయిపోయింది. మెదడుకి రెండువైపులా కదలికని పట్టే చోటు దెబ్బతింది. రంగులు తెలుస్తాయి, వస్తువులు తెలుస్తాయి, కదలిక మాత్రం తెలీదు. కప్పులోకి పోసే టీ గడ్డకట్టినట్టు కనపడేది, ఎప్పుడు ఆపాలో తెలిసేది కాదు. రోడ్డు దాటబోతే దూరంగా ఉన్న కారు ఉన్నట్టుండి మీదకొచ్చేసేది. మాట్లాడేవాళ్ళ పెదాలు కదలడం కనపడక మాటలు అందుకోవడం కూడా కష్టమైంది. 1983లో ఈ కేసు అచ్చయ్యింది.

వీడియో ఇప్పటికే లాగేశాను, మిగతావి గబగబా. గ్లాసు కనపడితే జగ్గు మాయం, జగ్గు కనపడితే గ్లాసు మాయం: అది బాలింట్ సిండ్రోమ్‌లో ఒక భాగం. గ్లాసు అందించిన మనిషి ముఖం చూసి పోల్చలేక, గొంతు వింటే గుర్తుపట్టడం ప్రోసోపగ్నోసియా. లోకమంతా బూడిద రంగైపోవడం ఇంకోటి. అన్నిట్లోకీ విచిత్రం యాంటన్ సిండ్రోమ్: చూపు పూర్తిగా పోయినా "నాకు కనపడుతోంది" అని వాదిస్తారు, అబద్ధమాడుతున్న సంగతి వాళ్ళకే తెలీదు.

మీ ఇంట్లో ఇలాంటివాళ్ళుంటే "విజువల్ ఫీల్డ్ టెస్ట్ చేశారా?" అని పేరు పెట్టి అడగండి, అంటే చుట్టూ ఎంత మేర కనపడుతోందో చూసే పరీక్ష. అక్షరాల బోర్డు దానికి బదులు కాదు. నెగ్లెక్ట్ అనుమానమైతే న్యూరాలజిస్టుని అడగాలి. ఎడమ సగం పోయినవాళ్ళకి చదివేటప్పుడు వరస మొదలు దొరకదు, పేజీ ఎడమ అంచున ఎర్ర గీత గీసిపెట్టి, అది కనపడేదాకా చూపు తిప్పమనండి. కావాలని అటు చూడటం అలవాటు చేసే శిక్షణ ఉంది, అది పనికొస్తుంది. పోయిన చూపు తిరిగొచ్చేదేమన్నా ఉంటే ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లోనే. ఉన్నట్టుండి సగం కనపడకపోతే మాత్రం అద్దాల షాపుకి కాదు, ఆ నిమిషమే ఎమర్జెన్సీకి వెళ్ళండి, అది స్ట్రోక్ కావచ్చు. ఫీల్డ్ టెస్ట్ అయ్యి డాక్టర్ సరేననేదాకా బండి తాళాలు ఇవ్వొద్దు, ఎంత అలిగినా సరే.

నెగ్లెక్ట్ మీద విడిగా వీడియో కావాలంటే కింద రాయండి. నేనీ టేబుల్ తుడుచుకోవాలి.