ఆపరేటింగ్ సిస్టం కట్టాక పూడిక ఎవరు తీస్తారు?

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన విద్యార్థులకు నమస్కారం. నా గురించి పరిచయంలో చెప్పిన మంచిమాటల్లో సగం తీసేసుకోండి. ఆ సమయం నాకు కలపండి, అవసరం పడుతుంది.

నాకిచ్చిన అంశం "ఆపరేటింగ్ సిస్టం నిర్మాణం". "నిర్వహణ" అన్న మాట ఆహ్వానపత్రికలో లేదు. నా పేచీ అంతా అక్కడే. చెరువు తవ్వించిన రాజు పేర శాసనం ఉంటుంది. ఏటా పూడిక తీసినవాడి పేరు, జోరువానలో రాత్రంతా తూము దగ్గర కాపలా ఉన్న నీరటికాడి పేరు ఏ రాతి మీదైనా చూశారా?

నిర్మాణం సంగతి గబగబా చెప్పేస్తాను. కష్టమే, కానీ దారి తెలిసిన కష్టం. ఎంఐటీ వాళ్లు పాఠం కోసం రాసుకున్న ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టం పది వేల వరుసల కోడ్‌లోపే ఉంటుంది. మీరు రాస్తే ఎక్కడ దెబ్బతింటారో ముందే చెప్పొచ్చు. టైమర్ ఇంటరప్ట్, అంటే గడియారం ప్రాసెసర్‌ను తట్టి పిలిచే సంకేతం, ఒక్కసారి వచ్చి ఆగిపోయిందా, పని అయిపోయిందని ఇంటరప్ట్ కంట్రోలర్‌కు చెప్పడం మర్చిపోయారు. పేజీ టేబుల్, అంటే ఏ చిరునామా మెమరీలో ఎక్కడుందో చెప్పే పట్టిక, మార్చినా పాత చోటికే పోతోందా, ఆ పట్టిక నకలు దాచుకునే టీఎల్‌బీ ఖాళీ చేయలేదు. ఒక్క ముక్క చెప్పకుండా మెషీన్ రీబూట్ అయిందా, అది ట్రిపుల్ ఫాల్ట్: తప్పును పట్టుకోవాల్సిన హ్యాండ్లరూ తప్పింది, దాన్ని పట్టుకోవాల్సిందీ తప్పింది. అందుకే అన్నిటికంటే ముందు సీరియల్ పోర్టుకు, అంటే తీగతో పక్క కంప్యూటర్‌కు, అక్షరాలు పంపే నాలుగు వరుసలు రాసుకోండి. తెర సంగతి తర్వాత.

1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినప్పుడు లినక్స్ కెర్నలూ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) అంతే, సుమారు పది వేల వరుసలు. ఇప్పుడు మూడు కోట్లు దాటింది, సగానికి పైగా పరికరాలను నడిపే డ్రైవర్లే. తొమ్మిది పది వారాలకో విడుదల. మొదటి రెండు వారాలు కొత్త మార్పులు తీసుకుని తలుపేస్తారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒక ఆర్‌సీ, అంటే విడుదలకు ముందు పరీక్షకిచ్చే కూర్పు. ఏడో ఎనిమిదో ఆర్‌సీ అయ్యాక అసలు విడుదల. ఒక్కోదానిలో పది వేల పైచిలుకు మార్పులు. ఈ సంఖ్య గుర్తుంచుకోండి.

మొన్నటిదాకా పనిచేసింది ఇవాళ చెడిందనుకోండి, ఆ పది వేలలో దోషి ఎవరు? దానికి గిట్ బైసెక్ట్ అనే పనిముట్టు ఉంది. సరిగ్గా మధ్యలో ఉన్న మార్పు దగ్గర కెర్నల్ కట్టి, బూట్ చేసి, బాగుందో చెడిందో చెప్పాలి. ప్రతిసారీ సగం తగ్గుతుంది. పద్నాలుగు సార్లలో దొరికిపోతాడు. వినడానికి ఎంత హాయిగా ఉందో!

అయితే 2008 వినండి. అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, ఐదంటే ఐదు నిమిషాలు.

లినక్స్ 2.6.27 ఇంకా ఆర్‌సీల్లో ఉంది. పరీక్షించేవాళ్ల దగ్గర ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు చచ్చిపోవడం మొదలైంది. ఈ1000ఈ డ్రైవర్‌తో నడిచేవి. కార్డు తన వివరాలు దాచుకునే ఎన్‌వీరామ్‌లో చెత్త పడుతోంది. పాత కెర్నల్‌కు వెనక్కి పోయినా కార్డు లేవదు. ఇప్పుడు చేయండి బైసెక్ట్! "చెడింది" అని చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ ఒక కార్డు పోతుంది. అప్పటికి చేయగలిగింది ఒక్కటే: ఈథ్‌టూల్ అనే పనిముట్టుతో ఆ మెమరీ నకలు ముందే తీసిపెట్టుకోవడం. ఇంటెల్ వాళ్లు డ్రైవర్‌లోనే ఎన్‌వీరామ్‌కు తాళం వేసే సవరణ పంపారు. దొంగ మాత్రం దొరకలేదు.

అనుమానం మొదట డ్రైవర్ మీద, తర్వాత గ్రాఫిక్స్ మీద. చివరికి తేలింది ఎవరో తెలుసా? ఎఫ్‌ట్రేస్. ఫంక్షన్లు ఎప్పుడు నడిచాయో చూసే పనిముట్టు, నెట్‌వర్క్‌తో ఏ చుట్టరికమూ లేనిది! ప్రతి ఫంక్షన్ మొదట్లో ఉన్న పిలుపు చిరునామా రాసిపెట్టుకుని, తర్వాత తీరిగ్గా వచ్చి దాన్ని ఖాళీ ఆదేశంగా మారుస్తుంది. మాడ్యూల్ (కెర్నల్‌కు విడిగా తగిలించే ముక్క) మొదలయ్యేటప్పుడు మాత్రమే నడిచే కోడ్ పని అయ్యాక చెరిగిపోతుంది, ఆ చోటు వేరేవాళ్లకిస్తారు. ఈసారి అది కార్డు ఎన్‌వీరామ్‌కు దక్కింది. ఎఫ్‌ట్రేస్ పాత చిరునామా పట్టుకుని వచ్చింది.

ఊరికే రాసేయలేదు పాపం. "నేననుకున్న విలువే ఉంటే మార్చు" అని అడిగే కంపేర్-ఎక్స్చేంజ్ ఆదేశం వాడింది. జాగ్రత్తపరుడే! కానీ ఇంటెల్ తరహా ఎక్స్86 ప్రాసెసర్లలో ఆ ఆదేశం, పోలిక కుదరకపోయినా చదివిన విలువనే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీలో దానివల్ల నష్టం లేదు. పరికరం మీద రాత రాతే. 2.6.27 వచ్చిన వెంటనే 2.6.27.1లో ఎఫ్‌ట్రేస్‌లోని ఆ సౌకర్యాన్ని ఆపేయాల్సి వచ్చింది.

ఎవరి తప్పు చెప్పండి? విడివిడిగా చూస్తే అందరూ సరిగ్గానే చేశారు. నిర్వహణ అంటే ఇదమ్మా! నొప్పి ఒకచోట, పుండు ఇంకోచోట.

లినక్స్‌నే అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చింది మన అక్షరమే, "జ్ఞా". ఞ తర్వాత, దీర్ఘానికి ముందు, కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి ఉంటే చాలు, నోటిఫికేషన్‌లో వచ్చినా హోమ్ స్క్రీన్ పడిపోయేది. ఐఓఎస్ 11.2.6లో సరిచేశారు. ఒత్తు ఎలా కూర్చోవాలో మన పిల్లలకు తెలుసు. అది సరిగ్గా కూర్చుందో పరీక్షించే కోడ్ రాసే చోట మనవాళ్లు ఎందరున్నారన్నదే నా ప్రశ్న.

"మన సొంత ఆపరేటింగ్ సిస్టం" అని ప్రతి సభలోనూ చప్పట్లు కొడతాం. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి బాస్ లినక్స్, డెబియన్ అనే లినక్స్ కూర్పు మీద కట్టింది. అందులో తప్పేమీ లేదు. కానీ డెబియన్‌లో ఒక భద్రతా సవరణ వస్తే అది మన ఆఫీసు కంప్యూటర్లదాకా రావాలి, పరీక్షించి రావాలి, పండగపూట కూడా రావాలి. ఆ పనికి ఎంతమంది సిద్ధం? చేతులెత్తండి. సరే, నలుగురు. నలుగురైనా మంచిదే.

ఆ నలుగురికీ చెబుతున్నాను. ముఖ్యమైన డేటా లేని పాత ల్యాప్‌టాప్‌లో ఈ ఆదివారం ఆర్‌సీ వేయండి. చెడితే నాలుగు సంగతులు రాయండి: చెడిన వెర్షన్, చివరిసారి బాగున్న వెర్షన్, పూర్తి డీమెసేజ్ (కెర్నల్ రాసుకునే చిట్టా), ఏం చేస్తే మళ్లీ చెడుతుందో. డీమెసేజ్ అక్షరాలుగానే పంపండి, తెరకు ఫొటో తీసి పెట్టకండి. "పనిచేయట్లేదు సార్" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే అవతలివాడు కూడా ఊరుకుంటాడు.