జాకెట్ మీద పేరుందని నమ్మేయకండి

నమస్తే అండీ. స్క్రీన్ మీద మీరు చూస్తున్న ఈ గోధుమరంగు తోలు జాకెట్‌ని ఏ-2 అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఆర్మీ విమానాల్లో తిరిగినవాళ్ళు వేసుకున్నది. 1931లో ఆమోదించారు, 1943లో కొత్త ఆర్డర్లు ఆపేశారు. ఎక్కువగా గుర్రపు తోలే. ఎడమ ఛాతీ మీద పేరు అచ్చువేసిన చిన్న తోలు పట్టీ, దాని కింద స్క్వాడ్రన్ (అంటే విమాన దళం) బొమ్మ, వీపు మీద విమానం పేరు, వరసగా బాంబుల బొమ్మలు. అన్నీ ఉన్న జాకెట్ ఇవాళ లక్షల్లో పలుకుతుంది. నేను కొనేది లేదు లెండి, చూసి ఆనందించడమే.

అమ్మేవాళ్ళు ముందుగా చూపించేది ఆ పేరు పట్టీనే. నేను దాన్ని చివర్లో చూస్తాను. పాత జాకెట్ ఒకటి దొరికితే చాలు, ఎవరి పేరుతోనైనా పట్టీ చేయించి కుట్టేయొచ్చు. కాకపోతే తోలు బట్టలాంటిది కాదు. ఒకసారి సూది దిగిన చిల్లు మళ్ళీ పూడదు. పట్టీ పక్కన ఇంకో వరస ఖాళీ చిల్లులు కనిపించాయంటే, అక్కడ ఇంతకుముందు వేరే పట్టీ ఉండేదన్నమాట. అంతమాత్రాన మోసం అనలేం. ఇది ప్రభుత్వ ఆస్తి, మెడ దగ్గర లేబుల్ మీదే ఆ మాట ఉంటుంది. ఒకరు తిరిగి ఇచ్చేస్తే ఇంకొకరికి ఇచ్చేవాళ్ళు.

అందుకే జాకెట్‌ని తిరగేసి లోపలి లైనింగ్ చూడాలి. మన ఊళ్ళలో చాకలివాళ్ళు బట్టలు కలిసిపోకుండా నల్లజీడి రసంతో గుర్తు పెట్టేవాళ్ళు గుర్తుందా? అమెరికా ఆర్మీలోనూ సరిగ్గా అదే పని. ఇంటిపేరు మొదటి అక్షరం, సైన్యంలో ఒక్కొక్కరికీ ఇచ్చే సర్వీస్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు. ఎస్-2816 అని ఉందనుకోండి. ఇంటిపేరు ‘ఎస్’తో మొదలై, నంబర్ 2816తో ముగిసే మనిషి కావాలి మనకి. బయట పట్టీ మీదేమో ‘ఎమ్’తో మొదలయ్యే పేరుందా? అప్పుడు కాస్త ఆగి ఆలోచించండి.

ఇక్కడో మెలిక ఉంది. నాకు భలే ఇష్టమైన మెలిక. ఒక్కోసారి ఒకే జాకెట్‌లో ఒకే అక్షరంతో రెండు వేర్వేరు నంబర్లుంటాయి. ఇద్దరు మనుషులని తొందరపడకండి. మామూలు సిపాయిగా చేరి, శిక్షణ పూర్తయ్యాక ఆఫీసర్ అయితే పాత నంబర్ పోయి ‘ఓ’తో మొదలయ్యే కొత్త నంబర్ వచ్చేది. రెండూ ఒకడివే కావచ్చు.

నంబర్ దొరికాక అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌కి వెళ్ళాలి. ఆర్మీలో చేరినప్పటి రికార్డులు దాదాపు 90 లక్షలు అక్కడ ఉచితంగా వెతుక్కోవచ్చు. పుట్టిన సంవత్సరం, సొంత రాష్ట్రం, చేరకముందు చేసిన పని, అన్నీ ఉంటాయి. ఏ స్క్వాడ్రన్‌లో పనిచేశాడో మాత్రం ఉండదు. మరి అసలు సర్వీస్ ఫైలు? 1973 జులై 12న సెయింట్ లూయిస్‌లోని రికార్డుల భవనం తగలబడింది. 1912 నుంచి 1960 దాకా ఆర్మీ వదిలినవాళ్ళ ఫైళ్ళలో దాదాపు 80 శాతం బూడిదయ్యాయి. అదృష్టం కొద్దీ ‘మార్నింగ్ రిపోర్టులు’ మిగిలాయి. ఎవరు కొత్తగా వచ్చారు, ఎవరు ఆస్పత్రిలో చేరారు, ఎవరు తిరిగి రాలేదు అని యూనిట్ రోజూ రాసుకునే కాగితం అది. స్క్వాడ్రన్ బొమ్మ పనికొచ్చేది ఇక్కడే. ఏ యూనిట్ రిపోర్టులు తిరగేయాలో అదే చెబుతుంది.

కొన్ని జాకెట్ల వెనక చైనా జెండా, కింద చైనా లిపి ఉంటాయి. ‘ఇతను మా తరఫున పోరాడటానికి వచ్చిన విదేశీయుడు, సైనికులూ ప్రజలూ కాపాడండి’ అని దాని సారాంశం. అస్సాంలోని చబువా లాంటి చోట్ల నుంచి హిమాలయాల మీదుగా చైనాకి సరుకులు మోసిన పైలట్లకి అది అవసరమే మరి, ఆ దారిలో కూలిన విమానాలు వందల్లో ఉన్నాయి. ఇలాంటి జాకెట్ల మీద తోలు ముక్కలు కోసి అతికి కుట్టిన బొమ్మ కనిపిస్తే ఒకసారి దగ్గరగా చూడండి, మన దేశంలోని బజార్లలో చేయించుకున్నవి చాలా ఉన్నాయి.

ఇక వీపు మీద బాంబులు. ఒక్కో బాంబుకి ఒక్కో దాడి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. విమానం రికార్డు తీసి, లెక్క కుదరలేదు కాబట్టి జాకెట్ నకిలీ అనేస్తారు. మెంఫిస్ బెల్ అనే బీ-17 బాంబర్ విమానం సంగతే చూడండి. కెప్టెన్ రాబర్ట్ మోర్గన్ బృందం 1943 మే 17న తమ 25వ దాడి ముగించింది. ఆ విమానం తన 25వ దాడికి వెళ్ళింది మాత్రం రెండు రోజుల తర్వాత, వేరే బృందంతో! మోర్గన్ బృందం మధ్యలో కొన్నిసార్లు వేరే విమానాల్లో వెళ్ళింది మరి. విమానం ముక్కు మీది బాంబులు విమానం లెక్క, జాకెట్ మీది బాంబులు మనిషి లెక్క. అందుకని మీరు వెతకాల్సింది విమానం చరిత్ర కాదండీ, ఆ మనిషి ఏ తేదీన ఏ విమానం ఎక్కాడో చెప్పే స్క్వాడ్రన్ లిస్టు.