17 ఏళ్ళకోసారి వచ్చే పురుగులు మా పెరట్లో | ఆవకాయ రోజు షికాగో వ్లాగ్ (2024)

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ముందు ఈ మోత వినండి. నేను పది సెకన్లు మాట్లాడను.

విన్నారా? నిన్న మదనపల్లి నుంచి మా పిన్ని వీడియో కాల్ చేసి, "ఏం పాపా, పక్కింట్లో బోరు వేయిస్తుండారా?" అంది. బోరు కాదు పిన్నీ, పురుగులు! నువ్వు అడిగావనే ఈ వీడియో.

అసలు ఈరోజు ఆవకాయ పెట్టాలి. అమ్మ ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచి అదే ధ్యాస. మామిడికాయలు పౌండు 2 డాలర్లు. పౌండంటే అరకిలో కూడా రాదు, దానికి 166 రూపాయలు! 10 పౌండ్లు తెచ్చాం. కాయలు కడిగి, తుడిచి, ముక్కలు కొట్టి, పెరట్లో గుడ్డ మీద ఆరబెట్టి లోపలికెళ్ళొచ్చేసరికి ఇదిగో, ముక్కకొకటి కూర్చుంది. నల్లటి ఒళ్ళు, కుంకుమ బొట్టు పెట్టినట్టు రెండు ఎర్రటి కళ్ళు, రెక్కల అంచున నారింజ రంగు. కరవవు, కుట్టవు. అమ్మ ఒక్కొక్కదాన్నీ వేలి మీద ఎక్కించుకుని ఓక్ చెట్టు మీద వదిలిపెడుతోంది.

వీటిని సికాడాలంటారు, మన ఇలకోళ్ళ జాతే. కానీ ఇవి 2007లో మట్టిలోకి దిగి, ఇప్పుడు 2024లో పైకొచ్చాయి. ఇన్నేళ్ళూ చెట్టు వేర్లకి అంటుకుని ఆ నీళ్ళు తాగుతూ బతికాయి. ఎనిమిది అంగుళాల లోతు మట్టి 18 డిగ్రీలకి వేడెక్కగానే అన్నీ ఒక్కసారే బయల్దేరతాయి. మనకి తొలకరి పడ్డాక ఉసుళ్ళు లేచినట్టే అనుకోండి. పిట్టలు, ఉడతలు ఎన్ని తిన్నా ఇంకా మిగిలిపోయేంత మంద రావడమే వీటి రక్షణ.

మరి 17 ఏళ్ళయ్యాయని లోపల ఎలా తెలుస్తుంది? దీని మీద ఒక ప్రయోగం చదివాను, మతిపోయింది. ఏడాదికి రెండుసార్లు చిగురించేలా పీచ్ చెట్లని పెంచి, ఈ పిల్ల పురుగుల్ని వాటి వేర్ల దగ్గర పెట్టారు. అవి ఏడాది ముందే బయటికొచ్చేశాయి! అంటే చెట్టులో రసం మారడాన్ని బట్టి వసంతాలు లెక్కపెట్టుకుంటాయన్నమాట. నేను ఈ దేశం వచ్చింది 2007 ఆగస్టులో. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇవి గుడ్లు పగిలి, కొమ్మల మీంచి రాలి, మట్టిలోకి దూరుంటాయి. నేనూ ఇక్కడ ఉగాదులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నా కదండీ. అందుకేనేమో వీటిని చూస్తే నాకు ఏదోలా ఉంటుంది.

ఇంకో విశేషం. మా ఇల్లినాయిస్ రాష్ట్రం దక్షిణ భాగంలో ఈ ఏడే 13 ఏళ్ళ మంద కూడా వచ్చింది. ఈ రెండు మందలూ ఒకే ఏడాది రావడం 1803 తర్వాత ఇదే. మన సీమలో మన్రో దొర కలెక్టరుగా ఉన్న రోజులవి! నేపర్‌విల్‌లో కొత్త కాలనీలో ఉండే మా ఫ్రెండ్ వాళ్ళింట్లో మాత్రం ఒక్కటీ లేదు. అక్కడ ఇళ్ళు కట్టకముందు మొక్కజొన్న పొలాలుండేవి. పాత చెట్టు ఉంటేనే ఇవి ఉంటాయి. పాత ఇల్లు ఎందుకు కొన్నారని మమ్మల్ని అడగనివాళ్ళు లేరు. ఇదిగో, ఈ ఓక్ చెట్టు కోసం!

రాత్రి తీసిన క్లిప్ ఇది. కంచె మీదికి పిల్ల పురుగు పాకి గోళ్ళు దిగేసుకుంది. చూస్తుండగానే వీపు నిలువునా చీలింది. అందులోంచి వెన్నముద్దలాంటి తెల్లటి పురుగు వెనక్కి వంగి, తలకిందులుగా వేలాడింది. కాసేపటికి పైకి లేచి తన పాత తోలునే పట్టుకుంది. ముడతలు పడ్డ రెక్కలు తడి కాగితం విప్పినట్టు మెల్లగా సాగాయి. తెల్లారేసరికి నల్లబడింది. అమ్మ, నేను శాలువా కప్పుకుని ఒంటిగంట దాకా అక్కడే నిల్చున్నాం.

మా వాడికి బతికున్న పురుగులు చాలవు. మాకు గంట దూరంలో బ్రెయిడ్‌వుడ్ అని పాత బొగ్గు గనుల ఊరుంది. అక్కడి మట్టి గుట్టల్లో గుండ్రాళ్ళు ఏరుకోవచ్చు, పర్మిట్‌కి పైసా అక్కర్లేదు. వాటిల్లో దాదాపు 31 కోట్ల ఏళ్ళనాటి ఆకులు, జీవాలు అచ్చుపడి ఉంటాయి. బొద్దింకల్లాంటి పురుగుల రెక్కలు కూడా, నరం నరం కనిపించేలా దొరికాయట. అప్పుడు ఈ నేల భూమధ్యరేఖ దగ్గర చిత్తడి అడవి! రాయిని సుత్తితో కొట్టకూడదు. నీళ్ళలో నానబెట్టి, ఫ్రీజర్‌లో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాలి. లోపల గడ్డకట్టిన నీళ్ళే దాన్ని పగలగొడతాయి. అందుకే మా ఫ్రీజర్‌లో కొబ్బరి తురుము పక్కన ఆరు రాళ్ళున్నాయి. మొన్న ఒకటి విడింది. లోపల ఫెర్న్ ఆకు, దువ్వెన పళ్ళంత వరసగా. పురుగు చాలా అరుదంట, వాడు ఇంకా ఎదురుచూస్తున్నాడు.

మా చిన్న చెర్రీ మొక్కకి వల కప్పాం, 30 డాలర్లు, అంటే 2,490 రూపాయలు. ఆడ సికాడాలు పెన్సిలంత కొమ్మల్ని చీల్చి గుడ్లు పెడతాయి. పెద్ద చెట్లకి ఏం కాదు. ఆ గుడ్లు పగిలేది మళ్ళీ ఆగస్టులో. అప్పటికి అమ్మ ఇక్కడే ఉంటుంది. కొమ్మ కింద తెల్ల దుప్పటి పరిచి చూపిస్తా.

ముక్కలు గరాజ్‌లోకి మార్చాం, ఫ్యాన్ కింద ఆరుతున్నాయి. ఆవకాయ రేపే. పిన్నీ, చీకటి పడ్డాక ఇవి గమ్మునుంటాయి, నీకప్పుడు పొద్దున అవుతుంది. కాఫీ తాగుతూ ఫోన్ చెయ్యి, అమ్మ మాట్లాడుతుందంట.