బకెట్‌లో కరిగే వినాయకుడు

శ్రోతలకు నమస్కారం. చవితి దగ్గరపడేసరికి తిరుపతిలో ఏ రోడ్డు పక్కన చూసినా వినాయకుడి బొమ్మలే, సగం అంగళ్ల ముందు 'ఎకో ఫ్రెండ్లీ' అని అట్టముక్క. దాన్ని చూసి కొనేయకండి. అమ్మేవాళ్లంతా మోసగాళ్లని కాదు, వాళ్లకూ అది లారీలో దిగిన సరుకే, లోపల ఏముందో తెలియకపోవచ్చు. మనం అడగాల్సింది ఒక్కటే: ఈ బొమ్మ మా ఇంట్లో బకెట్ నీళ్లలో కరుగుతుందా?

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కరగదు. జిప్సాన్ని వేడిచేసి తయారుచేసే పొడి అది, నీళ్లు కలిపి అచ్చులో పోస్తే మళ్లీ జిప్సమై గట్టిపడుతుంది. లీటరు నీళ్లలో జిప్సం రెండు, రెండున్నర గ్రాములకు మించి కరగదు కాబట్టి, కిలో బొమ్మకు తక్కువలో తక్కువ 400 లీటర్ల నీళ్లు కావాలి, అదీ ఎవరో ఒకరు కలియబెడుతూ ఉంటే. ఇంట్లో అన్ని నీళ్లు ఎక్కడివి? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా 2020 మార్గదర్శకాల్లో ఈ బొమ్మలు వద్దనే చెప్పింది.

మరి మట్టిది కొంటే సరిపోతుందా అంటే, అక్కడా రెండు చిక్కులున్నాయి. ఒకటి రంగు. తళతళలాడే ఆయిల్ పెయింట్ వేస్తే లోపల చెరువు మట్టే ఉన్నా నీళ్లు లోపలికి దిగవు, పైగా కొన్ని రంగుల్లో సీసం, క్రోమియం లాంటివి ఉంటాయి. రంగు లేని బొమ్మ తెచ్చుకుని పసుపు, కుంకుమ, గంధంతో మీరే అలంకరించుకోండి, నాకైతే అదే అందం. రెండోది, కాల్చిన మట్టి. పలమనేరు టెర్రకోట బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి, ఏళ్లకేళ్లు ఇంట్లో పెట్టుకోవచ్చు, కానీ ఒకసారి కాలిన మట్టి మళ్లీ బురద కాదు. దాన్ని నిమజ్జనం చేయకండి.

అంగట్లో తేల్చుకోవాలంటే బొమ్మను తిరగేసి, రంగు లేని అడుగుభాగాన్ని తడి వేలితో గట్టిగా రుద్దండి. పచ్చిమట్టి అయితే వేలికి అంటుకుంటుంది.

ఇంట్లో చేసుకుంటే ఇవేవీ చూసుకునే పని లేదు. నలుగుపిండితో బొమ్మ చేసిన పార్వతమ్మ కథ ఏటా చదువుకుంటాం కదా, మన చేతికి మాత్రం మట్టి అంటకూడదా! బంకమట్టిని జల్లించి, రాత్రంతా నానబెట్టి, కాస్త పీచు కలిపి చపాతీ పిండిలా మెత్తగా పిసకండి. తల నిలబడకపోతే లోపల చీపురుపుల్ల గుచ్చండి. నీడలోనే ఆరనివ్వాలి, తొందరపడి ఎండలో పెడితే పగుళ్లిస్తుంది. తొండం కాస్త వంకరపోతే పోనీండి, స్వామి ఏమీ అనుకోడు. కళ్లకు గురివింద గింజలు పెట్టడం మన పాత అలవాటే కానీ అవి విషం, నమిలితే ప్రమాదం, పసిపిల్లలున్న ఇంట్లో మిరియాలు పెట్టండి.

ఉద్వాసన అయ్యాక పత్రి, పూలు, గొడుగు, పాలవెల్లి తీసి పక్కన పెట్టి, బొమ్మ మునిగేంత నీళ్లున్న బకెట్‌లో దింపండి. రాత్రికి రాత్రే కరగకపోతే టెన్షన్ పడకండి, మందంగా చేసిన బొమ్మకు ఇంకాస్త టైమ్ పడుతుంది. ఆ నీళ్లు ఎవరూ తొక్కని చోట, కొబ్బరిచెట్టు పాదులోనో పూలకుండీలోనో పోయండి. పత్రిని ఎరువు గుంతలో వేయండి, థర్మాకోల్, ప్లాస్టిక్ పూలు మాత్రం అందులో కలపొద్దు.

అపార్ట్‌మెంట్‌లో మట్టి ఎక్కడ దొరుకుతుందమ్మా అనేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఇంట్లో ఉన్న ఇత్తడి విగ్రహానికో వెండి విగ్రహానికో పూజ చేసుకోండి. ఎలాగూ ముందు పసుపు గణపతిని చేస్తాం కదా, నీళ్లలో కలిపేది ఆయన్ని ఒక్కణ్నే. దానికి బకెట్ కూడా అక్కర్లేదు, చెంబు చాలు.