పాటలోకి దిగే చోటు చూడండి

అందరికీ నమస్కారం. పిల్లలూ పెద్దలూ కలిసి చూసే మ్యూజికల్ సినిమాలో పాట, డ్యాన్సు, నిర్మాణం ఎలా ఉన్నాయో ఎలా తేల్చాలి అన్నది ఈరోజు నాకిచ్చిన అంశం. మీలో సమీక్షలు రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి సూటిగానే చెబుతాను. "పాటలు బాగున్నాయి, డ్యాన్సులు ఫరవాలేదు, నిర్మాణ విలువలు ఉన్నతంగా ఉన్నాయి" అని చివర్లో ఒక వాక్యం తగిలించి చేతులు దులుపుకుంటాం. ఆ వాక్యాన్ని ఏ సినిమాకైనా అతికించొచ్చు. అందుకే దానితో ఎవరికీ ఉపయోగం లేదు.

నేను ముందుగా చూసేది పాటలోకి దిగే చోటు. అప్పటిదాకా మామూలుగా మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి పాట అందుకుంటాడు. బయట ఎవరైనా అలా చేస్తే వింతగా చూస్తాం. సినిమాలో అది నమ్మబుద్ధి కావాలంటే, మాటల్లో పట్టనిదేదో ఆ పాత్ర మనసులో అప్పటికే నిండి ఉండాలి. ఆ నిండటం ముందు సీన్లో కనిపించిందా, లేక పాట వచ్చి చాలాసేపైంది కదా అని ఒకటి పెట్టారా? పాట తీసేసినా కథ ఎక్కడా తెగకపోతే, ఎంత బాగా పాడినా అది అలంకారమే.

రెండో పరీక్ష చెవికి. మాటల్లో గది ప్రతిధ్వని, బట్టల గరగర, ఊపిరి తీసుకోవడం అన్నీ వినిపిస్తాయి. పాట మొదలవగానే అవన్నీ మాయమై స్టూడియోలో రికార్డు చేసిన నున్నటి గొంతు వస్తే, ఎందుకో చెప్పలేకపోయినా మనకు నమ్మకం సడలుతుంది.

1964లో వచ్చిన 'మై ఫెయిర్ లేడీ' దీనికి మంచి పాఠం, ఎందుకంటే రెండు పద్ధతులూ అందులోనే ఉన్నాయి. ముందే రికార్డు చేసిన పాటకు పెదవులు కలపడం తన వల్ల కాదన్నాడు హీరో రెక్స్ హారిసన్. టైలో వైర్‌లెస్ మైక్ దాచి, సెట్‌లోనే పాడించారు. ఆయనది సగం మాట, సగం పాట. అందుకే ఎక్కడ మాట ఆగిందో, ఎక్కడ పాట మొదలైందో పట్టుకోవడం కష్టం. పూలమ్మే పిల్లగా వేసిన హీరోయిన్ ఆడ్రీ హెప్‌బర్న్‌కు మాత్రం చాలావరకు మార్నీ నిక్సన్ పాడింది. హెప్‌బర్న్ కోపంతో ఊగిపోయే 'జస్ట్ యూ వెయిట్' పాటను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మొదట్లో హెప్‌బర్న్ సొంత గొంతే ఉంటుంది, కొంచెం మొరటుగా, కొంచెం గీరుకుపోతూ. మధ్యలో నిక్సన్ గొంతు అందుకుంటుంది, అన్నీ సాఫీ అయిపోతాయి. సంగీతపరంగా ఆ మధ్య భాగమే మెరుగు. కానీ ఆ పూలమ్మే పిల్ల నాకు కనిపించేది మొరటు భాగంలోనే.

అలాగని వేరేవాళ్ళు పాడటం తప్పని కాదు. ప్లేబ్యాక్ పాటలు వింటూ పెరిగినవాళ్ళం, ఆ మాట మనం అంటే నవ్వుతారు. ఎవరు పాడారన్నది కాదు, ఆ ముఖంలోంచి ఆ గొంతు వస్తుందా అన్నది చూడాలి. (ఇంకొకరికి గొంతు అరువివ్వడమే కథగా ఉన్న 'సింగిన్ ఇన్ ది రెయిన్'లో, అరువిచ్చే అమ్మాయిగా వేసిన డెబీ రెనాల్డ్స్‌కే ఒక పాటలో బెటీ నోయ్స్ గొంతు అరువిచ్చింది!)

ఇప్పుడు నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది శ్రుతిని కంప్యూటర్లో సరిచేయడం. పెద్దవాళ్ళ గొంతుల సంగతి అలా ఉంచండి. పిల్లలు పాడేటప్పుడు లైను చివర ఊపిరి చాలక స్వరం కాస్త కిందకు జారుతుంది. ఆ జారుడు వింటేనే అక్కడ ఒక పిల్లాడున్నాడని తెలుస్తుంది. దాన్ని గీత గీసినట్టు సరిచేస్తే శ్రుతి మిగులుతుంది, పిల్లాడు మిగలడు. పిల్లల కోసం తీశామని చెప్పుకునే సినిమాలోనే ఇలా చేస్తే నేను మార్కులు గట్టిగానే కోస్తాను.

డ్యాన్సు విషయానికొస్తే, పాదాలు కనిపిస్తున్నాయా చూడండి. పాత హాలీవుడ్ డ్యాన్సు హీరో ఫ్రెడ్ అస్టైర్ తన నృత్యాన్ని తల నుంచి పాదం దాకా ఫ్రేములో ఉంచి, వీలైనంత తక్కువ కట్లతో, అంటే షాటు మార్చకుండా, చూపించాలని పట్టుబట్టేవాడు. అలా తీస్తే దాచుకోవడానికి ఏమీ ఉండదు. ఇప్పుడు అడుగు వేస్తే ఒక షాటు, చెయ్యి తిప్పితే ఒక షాటు, మధ్యలో నవ్వుతున్న ముఖం. ఎవరికి డ్యాన్సు వచ్చో, ఎవరికి రాదో తేలదు. బహుశా తేలకూడదనే అలా కోస్తారు. అయితే కట్లన్నీ తప్పని కాదు. పాత హాలీవుడ్ డ్యాన్సు దర్శకుడు బస్బీ బర్క్‌లీ పైనుంచి కెమెరా పెట్టి వరసలుగా ఉన్న మనుషుల్ని పువ్వుల్లా విప్పి చూపించాడు. అక్కడ ఆట కెమెరాదే, మనల్ని మోసం చేసిందేమీ లేదు.

1964లోనే వచ్చిన 'మేరీ పాపిన్స్'లో డిక్ వాన్ డైక్ లండన్ యాసను ఇప్పటికీ ఎగతాళి చేస్తారు, అందులో న్యాయం ఉంది. కానీ ఇళ్ళ కప్పుల మీద పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్ళ డ్యాన్సులో ఆయన్ని చూడండి. డ్యాన్సు పద్ధతిగా నేర్చుకున్న మనిషి కాదు, అయినా ఆ కాళ్ళు ఎక్కడా అబద్ధం చెప్పవు. ఇంకో పని కూడా చేయండి. హీరోని వదిలేసి వెనక వరసలో ఒకణ్ణి ఎంచుకుని పాటంతా వాణ్ణే చూడండి. వాడూ అంతే హుషారుగా ఎగురుతుంటే రిహార్సల్స్ సరిగ్గా జరిగినట్టే.

నిర్మాణం గురించి ఎక్కువ చెప్పను. ఖర్చు కంటికి కనిపించడం గొప్ప కాదు, అది పాటకు పనికొచ్చిందా అన్నదే గొప్ప. 'మేరీ పాపిన్స్'లో గీసిన బొమ్మల లోకంలో మనుషులు తిరగడానికి సోడియం దీపాల పసుపు కాంతి తెర వాడారు: నటుల్ని ఆ తెర ముందు తీసి, తర్వాత తెర ఉన్న చోట బొమ్మ పెట్టారు. మేరీ టోపీకున్న పల్చటి వల గుండా కూడా వెనక ఉన్న బొమ్మ తేటగా కనిపిస్తుంది. 1939 నాటి 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్'లో గోధుమరంగు ఇంటి తలుపు తెరవగానే బయట రంగుల లోకం. అది ల్యాబ్ మాయ కాదు. ఇంటి లోపలంతా గోధుమరంగు పూసి, అదే రంగు గౌను వేసిన డూప్‌తో తలుపు తీయించారు. తర్వాత నీలం గౌనులో జూడీ గార్లండ్ అడుగుపెట్టింది.

ఇక పిల్లలు. నెమ్మది పాట వస్తే వాళ్ళు కదులుతారని నిర్మాతలకు ఎప్పుడూ టెన్షనే. ఓజ్ సినిమాలోని 'ఓవర్ ది రెయిన్‌బో' పాటను కూడా ప్రివ్యూల తర్వాత కథ నెమ్మదిస్తోందని తీసేశారు. పట్టుబట్టి మళ్ళీ పెట్టించారు, దానికే ఆస్కార్ వచ్చింది. కాబట్టి పాట నెమ్మదిగా ఉందని కోప్పడకండి. పాడే పాత్రకు ఏం కావాలో అప్పటికి పిల్లలకు తెలిసిందా లేదా చూడండి. తెలిస్తే కదలరు.

ఇప్పుడు ఒక పాట వేస్తున్నాం. మొదటిసారి సౌండ్ లేకుండా, రెండోసారి తెర ఆపేసి. రెండుసార్లూ మీకేం అర్థమైందో కాగితం మీద రాసుకోండి, తర్వాత మాట్లాడుకుందాం. లైట్లు ఆర్పించండి.