రెండో కేజ్ మీద జాలీ

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చారు, పేరుపేరునా దండాలు. నన్ను ‘గాలి, ఆరోగ్యం’ మీద మాట్లాడమన్నారు. క్షమించాలి, నేను ఎలుకల గురించి మాట్లాడతాను.

పోయిన నెల పురసవాక్కంలో ఉండే మా అక్క అయాన్ మెషిన్ కొంది, అంటే రుణ విద్యుదావేశమున్న కణాలను (నెగటివ్ అయాన్లను) గాలిలోకి వదిలే పెట్టె. ‘ఏమే, ఇది మెదడులో సెరటోనిన్ పెంచుతుందట, ఎలుకల మీద రుజువైందట’ అంది. సెరటోనిన్ అంటే మన మనసు, నిద్ర లాంటివాటిలో పాత్ర ఉన్న రసాయనం. అక్క మాట నమ్మి మా బావగారు డాక్టరిచ్చిన మాత్రలు ఆపేశారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ రుజువు సంగతి చెబుతాను. అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో ఆల్బర్ట్ క్రూగర్ అనే పరిశోధకుడు 1960లలో ఎలుకలను నెగటివ్ అయాన్ల గాలిలో ఉంచి, సెరటోనిన్ తగ్గిందన్నారు. వింటున్నారా? తగ్గిందన్నారు! 1980లో అక్కడే మేరియన్ డైమండ్ బృందానికీ ఎలుకల మెదడులో తగ్గినట్టే కనిపించింది. 1987లో బెయిలీ, చారీ అనే మరో ఇద్దరు పరిశోధకులు చూస్తే తేడా ఏమీ రాలేదు. పైగా రక్తంలోని సెరటోనిన్ మెదడులోకి దాటదు. రక్తం లెక్క చూపించి మెదడు మాట చెప్పకూడదు.

ఇక నా సంగతి. ముప్ఫై ఏళ్ల కిందట ఈ ఊళ్లోనే ఒక ల్యాబ్‌లో అసిస్టెంట్‌ని. రెండు కేజ్‌లు. ఒకదాని మీద అయాన్లు వదిలే హై వోల్టేజ్ సూదులు, సన్నగా బుస్సుమనే చప్పుడు, ఘాటు వాసన. రెండోదాని మీద ఏమీ లేదు. రెండింటి ఎలుకల మెదడు సెరటోనిన్‌లో తేడా వచ్చింది. ఎగిరి గంతేశాం.

మేత వేసే పెద్దాయన అన్నాడు: ‘అమ్మా, ఆ చప్పుడుకి ఇవి రాత్రంతా మూలన నక్కి ఉంటున్నాయి. అవతలవి ఊకలో దూరి హాయిగా పడుకుంటున్నాయి.’

భయపడినా ఎలుక మెదడులో సెరటోనిన్ మారుతుంది. ఆ సంగతి నేను చదువుకున్నదే, కానీ కేజ్‌లోకి వంగి చూసింది ఆయన. మళ్లీ చేశాం. ఈసారి రెండు కేజ్‌ల మీదా సూదులే, చప్పుడూ ఒకటే. రెండోదానికి మాత్రం అయాన్లు లోపలికి పోకుండా పైన ఇనుప జాలీ పెట్టి ఎర్త్ కట్టాం. తేడా పోయింది.

మొదటి లెక్కను నేను అప్పటికే ఒక సెమినార్‌లో చదివేశాను. రెండోది ఎక్కడా చదవలేదు. తప్పు నాదే.

మీలో ఎవరింట్లోనైనా ఆ మెషిన్ ఉంటే ఉండనివ్వండి. మాత్రలు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఆపకండి, మీ కాళ్లు పట్టుకుంటాను. ఆ రెండో నోట్‌బుక్ ఇదిగో, తెచ్చాను. ఇప్పుడు చదువుతాను, ఐదే పేజీలు.